ఎమ్‌జీబీఎస్ నుంచి చౌమహల్లా దాకా: పాతబస్తీని ఒక్క పూటలో నడిచి చూసే విధానం

నల్లగొండ, పాలమూరు వైపు నుంచి హైదరాబాద్‌కు వచ్చేవారిలో ఎక్కువమంది మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎమ్‌జీబీఎస్)లో దిగగానే ఆటో కోసమో మెట్రో కోసమో చూస్తారు. ఆసుపత్రి పనో, కోర్టు పనో, పెళ్లి బట్టల బేరమో ముగించుకొని సాయంత్రం బస్సుకు తిరిగిపోతారు. అయితే ఆ బస్టాండు గేటు నుంచి చార్మినార్‌కు దూరం దాదాపు రెండు కిలోమీటర్లే. మూసీ దాటిన తరువాత దారి దాదాపు తిన్నగా దక్షిణానికి పోతుంది కనుక గైడును మాట్లాడుకోవలసిన పని లేదు. అటూ ఇటూ తిరగడాన్ని కలుపుకొన్నా మొత్తం నడక నాలుగైదు కిలోమీటర్లకు మించదు.

ముందుగా రోజును ఎంచుకోవాలి. శుక్రవారం చౌమహల్లా ప్యాలెస్‌కు సెలవు. మక్కా మసీదులో సామూహిక ప్రార్థనలు జరుగుతాయి. కాబట్టి ఆ రోజు వద్దు. మొహర్రం పదో రోజున ఊరేగింపు వల్ల దారులు మళ్లిస్తారు. రంజాన్ నెలలో పగలు తీరిగ్గా చూడవచ్చు గాని, సాయంత్రం నుంచి కాలు పెట్టడానికి చోటుండదు. మిగిలిన రోజుల్లో ఉదయం ఎనిమిది గంటలకల్లా బస్టాండు నుంచి కదలడం మేలు. చార్మినార్‌కు పోయే దారిలోని పత్తర్‌గట్టి వీధి దుకాణాలు పదకొండుకు గాని పూర్తిగా తెరుచుకోవు. అంతవరకు ఆ రాతి కట్టడాల ముఖం బోర్డులూ బట్టల మూటలూ అడ్డు లేకుండా కనిపిస్తుంది. ఒక తువ్వాలు లేదా చున్నీ, నీళ్ల సీసా, సులువుగా విప్పుకోగల చెప్పులు ఉంటే చాలు.

బస్టాండు నుంచి గౌలిగూడ వైపు బయటికి వచ్చి అఫ్జల్‌గంజ్‌కు నడవాలి. అక్కడ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన ఈ సంస్థ 1936లో ఇప్పటి భవనంలోకి వచ్చింది. చదువరులు కానివారు కూడా ఒకసారి మెట్లెక్కి ఆ విశాలమైన హాలును చూసి రావచ్చు. తరువాత నేరుగా నయాపూల్ మీదికి వెళ్లి వంతెన మధ్యలో, దక్షిణానికి ముఖం పెట్టి కాసేపు నిలబడాలి. వాహనాల రద్దీకి జడిసి చాలామంది ఇక్కడ ఆగకుండా దాటిపోతారు. ఈ నడకలో తొందరపడకూడని చోట్లలో ఇది మొదటిది.

కుడివైపు ఆవలి ఒడ్డున గులాబి, తెలుపు గుమ్మటాలతో కనిపించేది హైకోర్టు కోసం కట్టిన భవనం, 1920లో ప్రారంభమైంది. ఈవలి ఒడ్డున దానికి ఎదురుగా ఉన్నది ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం. రెండింటి రూపకల్పనలోనూ విన్సెంట్ ఎష్ అనే ఆంగ్లేయ వాస్తుశిల్పి చేయి ఉంది. ఒకే కాలంలో ఏటి ఒడ్డున ఇంత పెద్ద కట్టడాలు లేవడానికి కారణం 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద. ఆ వరదలో వేలాదిమంది చనిపోయారు. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సూచనలతో ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ సిద్ధమయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు బస్తీలను సరిచేసి వీధులు వెడల్పు చేసింది. వంతెన కింద ఎడమకు సాగిపోయే ఈ నీళ్లే మన జిల్లాల్లోకి వచ్చి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మాత్రం ఈ నడకను వాయిదా వేసుకోవాలి. 2025 సెప్టెంబరులో వరద బస్టాండు లోపలికే వచ్చింది.

వంతెన దిగాక ఎడమకు తిరిగితే సాలార్‌జంగ్ మ్యూజియం వస్తుంది. దాన్ని ఈ నడకలో కలపవద్దని నా సలహా. దానికే ఒక పూట పడుతుంది, కాళ్లు అక్కడే అలసిపోతాయి. తిన్నగా మదీనా కూడలికి వెళ్లి, దుకాణాల వెనుక ఉన్న బాద్‌షాహీ అషుర్‌ఖానాకు, అంటే మొహర్రం సంతాప మందిరానికి, దారి అడగాలి. చార్మినార్ తరువాత కొద్ది ఏళ్లకే గోల్కొండ సుల్తాన్ మహమ్మద్ కులీ కుతుబ్‌షా దీన్ని కట్టించాడు. లోపలి గోడల మీది రంగురంగుల మెరుగుపలకలు కుతుబ్‌షాహీల కాలపు పనితనానికి నగరంలో మిగిలిన గొప్ప ఆనవాలు. ఇది శోకస్థలం కనుక చెప్పులు విడిచి, గొంతు తగ్గించి, అనుమతి అడిగాకే ఫోటో తీయాలి.

పత్తర్‌గట్టి వీధిలో రెండు పక్కలా కమానులతో సాగే రాతి దుకాణాల వరుస నగరాభివృద్ధి సంస్థ పనే. అది దాటగానే మచిలీ కమాన్ వస్తుంది. అక్కడి నుంచి దారిని చూడవలసిన తీరు మారుతుంది. నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు, నట్టనడుమ గుల్జార్ హౌజ్ అనే నీటి తొట్టి. కుతుబ్‌షాహీల కాలంలో ఇది రాజప్రాసాదం ముందరి మైదానం. పడమటి కమాన్ ప్రాసాదం లోపలికి దారి. తూర్పున ఉన్నది కాలీ కమాన్, దక్షిణాన ఉన్నది చార్మినార్ కమాన్. హౌజ్ పక్కన నిలబడి ఒక చుట్టు తిరిగితే నాలుగూ కంటబడతాయి. ఇప్పుడు ఆ మైదానమంతా ముత్యాల, వెండి దుకాణాలతో నిండిపోయింది గాని, కొలతలు మాత్రం పాతవే.

చార్మినార్‌ను 1591లో, హిజ్రీ వెయ్యో ఏటికి అటూ ఇటుగా, కొత్త నగరానికి నడిబొడ్డుగా నిలిపారు. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే వర్తకపు దారి ఇక్కడే అడ్డంగా సాగేది. ఒక్కో పక్క 20 మీటర్లు, పైఅంతస్తులో మసీదు, నాలుగు వైపుల గడియారాలు 1889లో పెట్టినవి. టికెట్ తీసుకొని మొదటి అంతస్తు వరకు ఎక్కవచ్చు. మెట్లు ఇరుకు, ఎత్తు ఎక్కువ. మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దలు కింద ఇరానీ హోటల్‌లో చాయ్, ఉస్మానియా బిస్కట్లతో కూర్చోవడమే మంచిది. ఎక్కగలిగినవారు ఉత్తరం వైపు వరండాలో నిలబడి, తాము నడిచి వచ్చిన వీధిని కమాన్ల గుండా చూడాలి. ఆ తిన్నని గీత కింద నుంచి ఇంత స్పష్టంగా తెలియదు.

పక్కనే ఉన్న మక్కా మసీదు పని పదిహేడో శతాబ్దం తొలి పాదంలో సుల్తాన్ మహమ్మద్ కుతుబ్‌షా హయాంలో మొదలై, 1694లో ఔరంగజేబు కాలంలో ముగిసింది. ఒక పెద్ద రాతిని లాగి తేవడానికి 1400 ఎడ్లను కట్టారని ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ రాశాడు. ప్రార్థనా సమయాలు తప్పించి, తలకు గుడ్డ కప్పుకొని వెళ్లాలి. ఆవరణలోని మండపంలో ఆసఫ్‌జాహీల, అంటే నిజాం వంశీకుల, సమాధులు ఉన్నాయి. వాటిలో ఒకటి 1911లో మరణించిన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌ది. 1890లో పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరు వచ్చింది ఆయన మీదుగానే. ఆ జిల్లావారు పిల్లలను తీసుకొస్తే ఈ సమాధిని తప్పక చూపించాలి.

మసీదు నుంచి కొద్ది నిమిషాల నడకలో చౌమహల్లా ప్యాలెస్. పద్దెనిమిదో శతాబ్దపు నడుమ మొదలై, ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో, అంటే 1857 తరువాత పూర్తయింది. నిజాముల దర్బారు జరిగిన ఖిల్వత్ మహలులో 19 పెద్ద షాండ్లియర్లు వేలాడుతుంటాయి. ఇక్కడ గంటన్నర కేటాయిస్తే చాలు. ఆ తరువాత మహబూబ్ చౌక్ గడియార స్తంభం మీదుగా లాడ్ బజార్‌లోకి వెళ్తే, అప్పటికి దుకాణాలన్నీ తెరిచి ఉంటాయి. లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అసలు లక్క గాజు చేయడం చూడాలనుకుంటే పెద్ద దుకాణాలు వదిలి, సందుల్లో కుంపటి ముందు కూర్చున్న పనివారి దగ్గరికి వెళ్లాలి. అక్కడ బేరం కూడా తక్కువకే తెగుతుంది.

తిరుగు ప్రయాణానికి నల్లగొండవారు ఎమ్‌జీబీఎస్ మెట్రోలో ఎల్‌బీ నగర్ చేరి అక్కడ బస్సెక్కితే చాదర్‌ఘాట్, మలక్‌పేట రద్దీ తప్పుతుంది. పాలమూరువారు వెనక్కి బస్టాండుకు రానక్కరలేదు; చార్మినార్ నుంచి ఆటోలో ఆరాంఘర్ చౌరస్తాకు పోతే మహబూబ్‌నగర్ బస్సులు అటుగానే వస్తాయి.