కారు చార్జింగుకు కన్వర్టర్ ప్లగ్ వాడుతున్నారా? వానలు పడకముందే ఇవి చూసుకోండి

పోయిన దసరాకి మా మేనల్లుడు విశాఖ నుంచి ఎలక్ట్రిక్ కారులో పర్లాకిమిడి వచ్చాడు. మా వరండాలో ఉన్నది చిన్న సాకెట్ ఒక్కటే. చార్జరుదేమో లావు పిన్నుల ప్లగ్గు. "ఏం కాదు మావయ్యా, కన్వర్టర్ తెచ్చాను" అంటూ పెట్టేశాడు. గంటన్నరకి ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. వెళ్లి చూస్తే సాకెట్ కరిగిపోయి ఉంది. మాది పాత ఇల్లు, ఆ లైనుకి ఉన్నది 16 యాంప్స్ ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్చు), అందుకే అది పడిపోలేదు. అందరం నిద్రపోయాక ఇలా జరిగి ఉంటే అనుకుంటే నాకు ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి.

కన్వర్టర్ అనే పేరే మనల్ని మోసం చేస్తుంది. అది కరెంటును ఏమీ మార్చదు, పిన్నులు పట్టే బెజ్జాన్ని మాత్రం మారుస్తుంది. చిన్న సాకెట్ 6 యాంప్స్‌ది. ఇంట్లో వాడే కార్ చార్జరు సుమారు 3.3 కిలోవాట్లది, అంటే 230 వోల్టుల దగ్గర 14, 15 యాంప్స్ లాగుతుంది. వెనకాల ఉన్నది చిన్న సాకెట్ అని దానికి తెలియదు. గీజరూ పెద్ద లోడే కానీ, నీళ్లు కాగగానే ఆగిపోతుంది. కారు ఎనిమిది, పది గంటలు ఆగకుండా లాగుతుంది. పిన్ను దగ్గర పట్టు కాస్త వదులై ఒక ఓమ్‌లో పదో వంతు నిరోధం వచ్చినా, 15 యాంప్స్ పారితే అక్కడ 22 వాట్ల వేడి పుడుతుంది. రేడియోలు బాగుచేసే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. దాన్ని రాత్రంతా సాకెట్‌లో గుచ్చి ఉంచినట్టే. ఎక్స్‌టెన్షన్ బాక్సు, మల్టీప్లగ్ కూడా ఇదే కోవలోకి వస్తాయి.

ఇంతకంటే భయపడాల్సింది ఇంకొకటి ఉంది. పాత ఇళ్లలో ఎర్తింగ్ సరిగా ఉండదు కాబట్టి చార్జరు ఎర్రలైటు చూపించి ఆగిపోతుంది. అప్పుడు కొందరు ఎర్త్, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) లోపల కలిపేసిన డమ్మీ ప్లగ్గు కొని పెడతారు. లైటు పచ్చగా మారుతుంది, చార్జింగ్ ఎక్కుతుంది, అందరూ సంతోషిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఇప్పుడు కారు బాడీ నేరుగా న్యూట్రల్ వైరుకు అంటుకుని ఉంది. గాలికి స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే, ఇంట్లో వెలిగే బల్బు గుండా ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) కరెంటు వచ్చి ఆ బాడీ మీదికి చేరుతుంది. సాకెట్‌లో ఫేజ్, న్యూట్రల్ తారుమారై ఉంటే అంతవరకూ ఆగక్కర్లేదు, ప్లగ్గు పెట్టిన క్షణమే కారంతా కరెంటు. కారు టైర్ల మీద నిలబడి ఉంటుంది కనుక బయటికి ఏమీ తెలియదు. తడి కాళ్లతో తలుపు పట్టుకున్న పిల్లవాడికి తెలుస్తుంది.

అందుకే మిస్త్రీని పిలిచి మల్టీమీటర్‌తో చూపించండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఎంత వస్తుందో, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు ఉంటే ఫర్వాలేదు. లోడు ఉన్నా అక్కడ కచ్చితంగా సున్నా చూపిస్తుంటే, బోర్డు లోపల ఎవరో రెండూ కలిపేశారేమోనని విప్పించి చూడాలి. ఎర్త్ లేకపోతే కొత్తగా గుంత తీయించి రాడ్ దించడమే మార్గం.

తర్వాత కారుకంటూ ఒక లైను. మెయిన్ బోర్డు నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 యాంప్స్ ఎంసీబీ, 30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చు, టైప్ ఏ అని అడిగి తీసుకోండి), చివర ఐఎస్ఐ గుర్తున్న 16 యాంప్స్ సాకెట్. మంజూరైన లోడు ఒకటో రెండో కిలోవాట్లే ఉంటే పెంచమని కరెంటు కంపెనీకి, అంటే ఇక్కడ ఒడిశాలో టీపీఎస్ఓడీఎల్‌కి, ఆంధ్రాలో పాతపట్నం వైపు వాళ్లయితే ఏపీఈపీడీసీఎల్‌కి దరఖాస్తు పెట్టుకోవాలి. సాకెట్ చూరు కిందే ఉండాలి. చార్జింగ్ స్టేషన్లకు కేంద్రం పెట్టిన నియమాల్లో నేల నుంచి 800 మిల్లీమీటర్ల ఎత్తు అని ఉంది. వీధి నీళ్లు వరండా ఎక్కే మన ఇళ్లకు అంతకన్నా తక్కువ పనికిరాదు.

చుట్టాలింటికి వెళ్లినప్పుడు 16 యాంప్స్ సాకెట్ దొరికితేనే పెట్టండి. కొన్ని కార్లలో కరెంటు తగ్గించుకునే సెట్టింగ్ ఉంటుంది, అది వాడుకోండి. అరగంటకోసారి ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి నిలవకపోతే ఆపేయాలి. ఆపేటప్పుడు కంగారులో ప్లగ్గు లాగేయకూడదు. ముందు కారులో చార్జింగ్ ఆపి, తర్వాత ఎంసీబీ దించి, చివర్లో ప్లగ్గు తీయాలి. వాసన వచ్చి, ప్లగ్గు కాలుతుంటే నేరుగా ఎంసీబీ దించండి. దాని మీద నీళ్లు మాత్రం పోయకండి.

ఇక అక్టోబరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మన గజపతి జిల్లాను ఎలా కుదిపేసిందో చూశాం. తుఫాను కబురు రాగానే ముందురోజే చార్జింగ్ పూర్తిచేసి ప్లగ్గు తీసేయండి. గాలివాన తర్వాత కరెంటు వచ్చింది కదా అని వెంటనే కారు తగిలించకండి. బల్బులు ఒక్కసారి మరీ ఎక్కువగా వెలిగి, మళ్లీ మందగిస్తుంటే న్యూట్రల్ వదులైందని అనుమానించి మెయిన్ ఆపేసి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి. లైన్‌మన్ వచ్చి చూసి, మీటర్‌లో వోల్టేజీ నిలకడగా కనిపించాకే ప్లగ్గు పెట్టండి.