అడుగుల లెక్క సరే, నూనె లెక్కో?

రోజూ ఫోనులో పదివేల అడుగులు పడుతున్నా బరువు కదలడం లేదంటే, తప్పు సాధారణంగా కాళ్లది కాదు, వంటింటి లెక్కది. అయినా ముందు అడుగులే చూద్దాం, అవి ఒక్క పూటలో తేలిపోతాయి.

పెడోమీటరైనా, చేతి బ్యాండైనా, జేబులో ఫోనైనా సరే, మనసులో లెక్కపెట్టుకుంటూ 100 అడుగులు నడవండి. ఆగి అర నిమిషం తర్వాత చూడండి. 95కీ 105కీ మధ్య చూపిస్తే వాడుకోవచ్చు. నడుముకి తగిలించే స్ప్రింగు పెడోమీటర్ పొట్ట మీద వాలితే అడుగులు వదిలేస్తుంది, కాబట్టి పక్కకి జరిపి నిటారుగా ఉండేలా పెట్టుకోండి. చేతి బ్యాండ్ ట్రాలీ తోసేటప్పుడు తక్కువ చూపిస్తుంది, బట్టలు ఉతికేటప్పుడు లేని అడుగులు కలుపుతుంది. గతుకుల రోడ్డు మీద స్కూటర్ నడిపినా కొన్ని ‘అడుగులు’ పడతాయి.

పదివేలే కావాలన్న నియమమేమీ లేదు. 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన పెడోమీటర్ పేరు ‘మాన్పో-కెయ్’, అంటే పదివేల అడుగుల మీటరు. ఆ అంకె అలా ప్రచారంలోకి వచ్చింది. మొదటి వారం ఏమీ మార్చకుండా మామూలుగా తిరిగి సగటు చూడండి. 3,800 వస్తే వచ్చే వారం 4,800, ఆపై వారానికో వెయ్యి. వెయ్యి అడుగులంటే పది నిమిషాల నడక. మూడు పూటలా తిన్నాక పదేసి నిమిషాలు నడిస్తే మూడు వేలు.

70 కిలోల మనిషి కిలోమీటరు నడిస్తే, ఊరికే కూర్చున్నా అయ్యే ఖర్చు తీసేయగా, 35 కేలరీల చిల్లర పోతాయి. పదివేల అడుగులు దాదాపు 7 కిలోమీటర్లు, అంటే 250. యాభై గ్రాములు కూడా లేని వేయించిన పల్లీలు దాన్ని మింగేస్తాయి. అందుకే ఫుడ్ ట్రాకర్‌లో, అంటే తిన్నది రాసుకునే యాప్‌లో, ‘నడిచి ఖర్చు చేసిన కేలరీలు’ తిరిగి తిండి కోటాలో కలిపే సెట్టింగ్ ఆపేయండి.

ఇక తిండి. హెల్తీఫై, మైఫిట్‌నెస్‌పాల్, ఏ యాప్ అయినా ఫర్వాలేదు గానీ, ఒక గ్రాము దాకా చూపించే వంటింటి తూకం తప్పనిసరి. యాప్‌లో ‘సాంబారు, ఒక కప్పు’ అని ఉంటుంది. ఎవరి కప్పు? ఎవరి సాంబారు? గ్రాముల్లో ఉన్న ఎంట్రీలే ఎంచుకోండి. పచ్చి సరుకుల విలువల్లో అనుమానం వస్తే హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు చూడండి.

అందరూ పడే గొయ్యి అన్నం దగ్గరుంది. 100 గ్రాముల బియ్యం 350 కేలరీలు, 100 గ్రాముల అన్నం 130. కంచంలో 200 గ్రాముల అన్నం పెట్టుకుని పొరపాటున బియ్యం ఎంట్రీ నొక్కితే 260 కాస్తా 700 అవుతుంది. తిరగేసి నొక్కితే ఇంకా ప్రమాదం, తక్కువ తిన్నామని సంబరపడతాం.

ఇంటిల్లిపాదికీ వండిన కూర లెక్క ఇలా: ఖాళీ గిన్నె బరువు ఒకసారి తూచి రాసిపెట్టుకోండి. కందిపప్పు 200 గ్రాములు, దాదాపు 680 కేలరీలు. పోపుకి మూడు టీస్పూన్ల నూనె, 120. మొత్తం 800. ఉడికాక గిన్నె బరువు తీసేస్తే పప్పు కిలో తూగిందనుకోండి, 100 గ్రాములకి 80. మీ గరిటెకి ఎంత పడుతుందో ఒక్కసారి తూస్తే, ఆ తర్వాత గరిటెలతోనే రాసుకోవచ్చు.

నూనెకి మాత్రం వేరే సాక్షి కావాలి, చేతివాటంగా పోసేది ఎవరికీ గుర్తుండదు. ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద తేదీ రాయండి. నలుగురున్న ఇంట్లో నెలకి నాలుగు లీటర్లు అయిపోతే మనిషికి లీటరు. లీటరు నూనె సుమారు 8,200 కేలరీలు, అంటే రోజుకి 270 పైనే. డబ్బాలో మిగిలిన కాగిన నూనె తీసేసినా, యాప్‌లో మీ నూనె 80 మాత్రమే చూపిస్తుంటే దోసెల మీద చుక్కలు, పచ్చడిలో తిరగమోత, ఆవకాయ పైన తేలే నూనె రాయడం లేదన్నమాట. టీ కూడా ఇలాగే జారిపోతుంది: 100 మిల్లీలీటర్ల పాలు, రెండు చెంచాల పంచదార కలిస్తే దాదాపు వంద.

రెండు వారాలు తిండి మార్చకుండా రాసి, ఆ సగటులోంచి 400–500 తగ్గించండి. డాక్టరు చెప్పకుండా రోజుకి 1,200 కేలరీల కిందికి దిగొద్దు. ఇన్సులిన్ లేదా షుగర్ బిళ్లలు వాడేవాళ్లు తిండి తగ్గించే ముందే డాక్టరుతో మాట్లాడాలి, షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి ఈ కోత వద్దు. బరువు పొద్దున్నే పరగడుపున తూచి, వారం సగటునే పోల్చండి. మూడు వారాలు సగటు కదలకపోతే ముందు నూనె ప్యాకెట్ తేదీ చూడండి, ఆ తర్వాతే ఇంకో 100 తగ్గించండి.

పెళ్లి భోజనం చేసిన రోజు ఖాళీ వదలకండి, ఆ పూటకి ఒక 1,200 అని అంచనాగా రాసేయండి. మర్నాడు కిలో ఎక్కువ చూపిస్తే అదంతా కొవ్వు కాదు, చాలావరకు ఉప్పు పట్టి ఉంచిన నీరే. మూడు నాలుగు రోజుల్లో దిగుతుంది.