ప్రింటర్ మారింది, ఐపీ మారలేదు: ఆర్ప్ పట్టీ సరిచేయడం

చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులో పాత ప్రింటర్ తీసి, అదే ఐపీతో కొత్తది పెట్టారనుకోండి. ఒక సిస్టమ్ నుంచి మాత్రం ప్రింట్ రాదు. కేబుళ్లు పీకకముందే ఆర్ప్ (ఏ ఐపీ ఏ పరికరానిదో సిస్టమ్ రాసుకునే పట్టీ) చూడండి.

విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఆర్ప్ మైనస్ ఏ’ (arp -a) కొడితే ఐపీ పక్కన 48 బిట్ల మ్యాక్ అడ్రస్, అంటే పరికరం సొంత హార్డ్‌వేర్ నంబరు, కనిపిస్తుంది. ప్రింటర్ స్టిక్కర్‌తో పోల్చండి (వైఫైకి, లాన్‌కి మ్యాక్ వేరు, జాగ్రత్త). తేడా ఉంటే అడ్మినిస్ట్రేటర్‌గా ‘ఆర్ప్ మైనస్ డీ’, పక్కన ఐపీ కొట్టి, పింగ్ చేయండి. లినక్స్‌లో రూట్‌గా ‘ఐపీ నెయ్ ఫ్లష్ ఆల్’ (ip neigh flush all) కొట్టండి.

నిజానికి విండోస్, లినక్స్ రెండూ 15–45 సెకన్లకే ఎంట్రీని పాతదిగా లెక్కేసి, మళ్లీ వాడేటప్పుడు సరిచూసుకుంటాయి. అందుకే నా అనుమానం ముందు ‘స్టాటిక్’ (ఎవరో చేత్తో రాసిపెట్టిన) ఎంట్రీ మీదికే పోతుంది. అది తనంతట పోదు. సిస్కో రౌటర్ అయితే మామూలుగా 4 గంటలు పట్టుకు కూర్చుంటుంది.

తుడిచినా పాత మ్యాకే వస్తోందా? పాత ప్రింటర్ అదే ఐపీతో పక్క గదిలో ఇంకా ఆన్‌లోనే ఉండి ఉంటుంది.