కొత్త లైన్‌మన్‌కు సీనియర్ పని నేర్పవలసిన తీరు

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైన తరువాత ఎనర్జీ అసిస్టెంట్లుగా, అంటే జూనియర్ లైన్‌మన్ గ్రేడ్-2 హోదాలో చేరిన యువకులు అనంతపురం జిల్లా పల్లెల్లో విద్యుత్ లైన్ల పని చూస్తున్నారు. స్తంభం ఎక్కడంలో, మీటరు రీడింగు తీయడంలో పరీక్ష నెగ్గే వారు ఈ ఉద్యోగానికి వచ్చారు. అయితే ఫలానా చీనీ తోట గట్టున రెండు ఫీడర్ల, అంటే సబ్‌స్టేషన్ నుంచి వేర్వేరుగా వచ్చే లైన్ల, తీగలు ఒకదాని మీదుగా మరొకటి పోతాయన్న సంగతి ఏ పరీక్షలోనూ ఉండదు; అది ఆ సెక్షన్‌లో ఏళ్ల తరబడి తిరిగిన సీనియర్‌కు మాత్రమే తెలుసు. దాన్ని ప్రాణనష్టం లేకుండా కొత్తవాడికి అప్పగించడం ఎలాగో సీనియర్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

ఎవరు ఎవరికి నేర్పుతారో సెక్షన్ చూసే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఇద్దరినీ కూర్చోబెట్టి ముందే చెప్పడం మంచిది. ఎవరో ఒకరు చూసుకుంటారులే అని వదిలేస్తే ఎవరూ చూసుకోరు.

మొదటి వారాల్లో స్తంభం ఎక్కించే తొందర వద్దు. సబ్‌స్టేషన్ నుంచి చివరి ట్రాన్స్‌ఫార్మర్ దాకా 11 కేవీ లైన్ వెంట అతడిని నడిపించి, ఫీడర్ పటం అతడి చేతనే గీయించండి. ఏబీ స్విచ్‌లు (స్తంభం మీద ఉండి లైన్‌ను విడదీసే స్విచ్‌లు), తీగలు దాటుకునే చోట్లు, జనరేటర్లున్న కల్యాణ మండపాలు, రైస్ మిల్లులు అన్నీ అందులో ఉండాలి. లైన్ ఆపినా, వైరింగ్ సరిగా లేని జనరేటర్ నుంచి రిటర్న్ కరెంటు వచ్చే ప్రమాదం ఉంటుందని ఆ మిల్లు ముందే నిలబడి వివరిస్తే అతడికి జన్మలో మరపురాదు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఎల్‌సీ మీద, అంటే సరఫరా ఆపించి పనికి అనుమతి తీసుకునే లైన్ క్లియర్ మీద, పెట్టాలి. చాలామంది సీనియర్లు ఈ పనిని మౌనంగా, చకచకా చేసేస్తారు. చూసేవాడికి చేతులు కనిపిస్తాయి గాని కారణాలు కనిపించవు. కనుక ప్రతి అడుగునూ పైకి చెప్పండి. సబ్‌స్టేషన్ ఆపరేటర్‌తో మాట్లాడేటప్పుడు ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఫీడర్ పేరు, ఎల్‌సీ నంబరు, సమయం అతడి చేత రాయించండి. ఏబీ స్విచ్ తెరిచాక తల పైకెత్తి మూడు బ్లేడ్లూ విడిపోయాయో లేదో చూపించండి; హ్యాండిల్ కిందికి వచ్చినా ఒక బ్లేడ్ అతుక్కుని ఉండిపోవచ్చు, అప్పుడు రెండు తీగలు చచ్చినా మూడోది బతికే ఉంటుంది. ఆ తరువాత టెస్టర్‌తో పరీక్షించి, పనిచేసే చోటుకు ఇరువైపులా తీగలను భూమికి కలిపే డిశ్చార్జ్ రాడ్లతో ఎర్త్ చేశాకే ఎక్కాలని చెప్పండి. కొన్నాళ్లకు వరుస తిరగేసి, అతడు ముందుండి నడిపిస్తుంటే మీరు సహాయకుడిగా నిలబడండి.

“అర్థమైందేమప్పా?” అని అడిగితే “ఆ అన్నా” అన్న జవాబే వస్తుంది, ఎందుకంటే పెద్దవారి ముందు కాలేదనడం మన దగ్గర అలవాటు లేదు. “ఇప్పుడు నేను ఎక్కితే ఏమవుతుంది?” అని అడిగి అతడి నోట వినండి.

వేసవిలో గాలివానకు స్తంభాలు ఒరిగినప్పుడు నేర్పినదంతా పరీక్షకు వస్తుంది. వ్యవసాయానికి పగటిపూట ఇచ్చే 9 గంటల సరఫరాలో గంటలు జారిపోతుంటే రైతులు చుట్టూ నిలబడతారు, ఆఫీసు నుంచీ ఊరి పెద్దల నుంచీ ఫోన్లు వస్తాయి. ఆ ఒత్తిడిలో కుర్రవాడు “ఆగన్నా, ఎర్త్ వేయలేదు” అంటే, అది పొరపాటైనా సరే, అందరి ముందూ ఆగి చూడండి, మెచ్చుకోండి. ఒక్కసారి కసురుకుంటే అతడు మళ్లీ నోరు తెరవడు. ఆ మౌనం మీ ప్రాణానికే ముప్పు. సీనియర్‌ను ఆపే ధైర్యం జూనియర్‌కు కలిగించలేని శిక్షణ ఎంత కాలం సాగినా అసంపూర్ణమేనని నేను గట్టిగా నమ్ముతాను.

తప్పు సరిదిద్దేటప్పుడు, అతడు స్తంభం మీద ఉండగా ఆజ్ఞ ఒక్కటే ఇవ్వండి, కారణం సెక్షన్ ఆఫీసులో ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి. రైతుల ముందు తిట్లు తిన్న సిబ్బంది మాటను ఆ ఊరు తరువాత లెక్కచేయదు. అతడు చెప్పుకున్న ఇంటి విషయాలు మీ దగ్గరే ఉండాలి గాని, భద్రతా నియమం మీరితే మాత్రం ఏఈకి చెప్పక తప్పదని మొదటి రోజే తెలియజేయండి. రాత్రంతా నిద్రలేని వాడిని ఎక్కించకండి; అడగనిదే అతడు చెప్పడు గనుక ప్రతి ఉదయం అడగండి.

కొత్తవారికి ఒక మాట: సీనియర్ విసుక్కుంటున్నాడని ప్రశ్న మింగకండి, నోట్‌బుక్‌లో రాసుకుని టీ తాగే వేళ అడగండి.

ఎల్‌సీ తీసుకోవడం నుంచి మనుషులందరినీ దించి, రాడ్లు తీసి, ఎల్‌సీ తిరిగి అప్పగించేదాకా అతడు మీరు గుర్తు చేయకుండా అనేకసార్లు చేయగలిగినప్పుడు ఏఈకి తెలిపి స్వతంత్రంగా పంపవచ్చు. మీకు బదిలీ అయితే, వెళ్లేముందు అతడు గీసిన పటాన్ని ఇద్దరూ మరొకసారి లైన్ వెంట నడిచి సరిచూసి, కొత్తగా వచ్చిన జనరేటర్లను చేర్చి, తేదీ వేసి, ఒక నకలు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ బల్ల దగ్గర ఉంచండి.