పాత జపాన్ టీవీ యాడ్స్ చూడాలంటే ముందు ఏ ఏడాదివో పట్టుకోండి

శ్రీసిటీకి ఇసుజు, డైకిన్, కొబెల్కో లాంటి కంపెనీలు వచ్చాక తిరుపతిలో జపనీస్ నేర్చుకుంటున్నామని చెప్పే పిల్లలు అక్కడక్కడా తగులుతున్నారు. ఎవర్ని అడిగినా అనిమే చూస్తామంటారు. మంచిదే, కానీ 1980ల నాటి జపాన్ టీవీ యాడ్స్ కూడా చూడండి, మనుషులు ఎలా బతికారో వాటిలో తెలుస్తుంది. ఒక్కటే షరతు, "బెస్ట్ 50" అని అతికించి పెట్టిన వీడియోలు వద్దు. ఏ ఏడాది ఏ నెలలో వచ్చిందో తెలియకుండా చూస్తే ట్యూన్ తప్ప ఏమీ గుర్తుండదు.

ముందు వెతకడం సంగతి. ఇంగ్లీషులో వెతికితే దొరికేవి తక్కువ, అవి కూడా తిప్పితిప్పి అవే. ఫోన్ కీబోర్డు సెట్టింగ్స్‌లో జపనీస్ కలుపుకోండి, ఇంగ్లీషు అక్షరాలు కొడితే అదే జపనీస్ లిపిలోకి మార్చి చూపిస్తుంది. వాళ్ళు టీవీ యాడ్‌ని సీఎం (CM) అంటారు. ఆ రెండు అక్షరాలూ ఇంగ్లీషులోనే ఉంచి, ముందు షోవా (1989 జనవరి దాకా నడిచిన చక్రవర్తి శకం పేరు) అనో, పాత జ్ఞాపకాలకు వాళ్ళు వాడే నత్సుకషీ అనో జపనీస్‌లో కొట్టండి. పక్కన సంవత్సరం కూడా వెయ్యండి. అప్‌లోడ్ చేసేవాళ్ళు చాలాసార్లు షోవా సంవత్సరం రాస్తారు, దానికి 1925 కలిపితే మన లెక్కకు వస్తుంది, అంటే షోవా 60 అంటే 1985. 1989 జనవరి 8 నుంచి హేసేయ్ శకం, దానికి 1988 కలపాలి. జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే పేరుతో వెతకొద్దు, అందులో యాడ్స్ రావు.

వచ్చిన వాటిలో ఎవరో ఇంట్లో వీసీఆర్‌లో సినిమానో సీరియలో రికార్డు చేసుకుంటే మధ్యలో పడిపోయిన బ్రేకులు ఉంటాయి. బొమ్మ మీద గీతలు, వెనక బుస్సుమని శబ్దం, అయినా నేను వాటినే ముందు చూడమంటాను. ఎక్కువ యాడ్స్ 15 సెకన్లవే కాబట్టి ఒక్క నిమిషంలో కారు, సబ్బు, బీరు, నూడుల్స్ వరసగా వచ్చేస్తాయి, ఆ వారం జపాన్ ఇళ్ళలో ఏం చూశారో మీరూ అదే చూస్తారు.

ఇంత పట్టుబట్టడానికి కారణం 1988 శరత్కాలం. ఆ సెప్టెంబరులో నిస్సాన్ వాళ్ళు సెఫీరో కారు తెచ్చారు. యాడ్‌లో గాయకుడు ఇనౌఎ యోసుయ్ కారులో కూర్చుని "అందరూ బాగున్నారా?" అని పలకరిస్తాడు. సరిగ్గా అదే నెలలో షోవా చక్రవర్తి జబ్బు ముదిరింది, దేశమంతా పండగలూ సందడీ తగ్గించుకుంది, అలాంటప్పుడు ఆ పలకరింపు బాగోదని దాన్ని తీసేశారు. మాట తీసేసిన ఆ యాడ్‌లో అతని నోరు కదులుతుంది, మాట వినపడదు. ఏడాది తెలియనివాళ్ళు క్యాసెట్ పాడైందనుకుంటారు! 1989 జనవరి 7న చక్రవర్తి మరణించాక రెండు రోజులు ప్రైవేటు చానళ్ళలో అసలు యాడ్సే లేవు. అదే ఏడాది రీగెయిన్ అనే ఎనర్జీ డ్రింక్ యాడ్‌లో సూటు వేసుకున్న ఉద్యోగి "24 గంటలూ పోరాడగలరా?" అని అడుగుతాడు, డిసెంబరు ఆఖర్లో టోక్యో షేర్ మార్కెట్ సూచీ నిక్కీ 38,915 దాకా ఎగబాకింది, ఆ తర్వాత పతనమే. ఆ క్రిస్మస్‌కి వచ్చిన జేఆర్ టోకాయ్ రైల్వే యాడ్ తప్పకుండా చూడండి. మకిసే రిహో అనే అమ్మాయి బహుమతి పట్టుకుని నగోయా స్టేషన్‌లో పరుగెత్తి, వచ్చేవాడికి కనపడకుండా స్తంభం చాటున నిలబడుతుంది. రేణిగుంట జంక్షన్‌లో ఎవరికోసమైనా ఎదురుచూసినవాళ్ళకి దానికి సబ్‌టైటిల్స్ అక్కర్లేదు.

ఇంకో దారి, ఒకే కంపెనీని పట్టుకుని ఏళ్ళ వెంట పోవడం. నా ఓటు కించో దోమల కాయిల్‌కి. "కించో వేసవి, జపాన్ వేసవి" అనే మాట 1967 నుంచీ వాళ్ళదే, బాణసంచా, ఎండాకాలపు రాత్రి, పల్చటి నూలు కిమోనో, అన్నీ అందులో ఉంటాయి. కాయిల్‌ని చుట్టలా చేసి 1902లో అమ్మకానికి పెట్టింది కూడా వాళ్ళే. హిటాచీ చెట్టు యాడ్ కూడా బాగుంటుంది, 1973లో మొదలైంది, అందులో కనిపించే పెద్ద చెట్టు హవాయిలో ఉంది, జాతి మాత్రం మన రోడ్ల పక్కనుండే నిద్రగన్నేరే.

భాష రాకపోతే టెన్షన్ వద్దు. చివరి సెకన్లో కంపెనీ పేరు, నినాదం తెర మీద నిలబడతాయి, అక్కడ ఆపి ఇంకో ఫోన్‌లో గూగుల్ లెన్స్ పెట్టండి. ఆటోమేటిక్ సబ్‌టైటిల్స్‌ని నమ్మొద్దు, పాటల్ని అవి చెడగొడతాయి. నచ్చినదాని ఏడాది, వస్తువు, నినాదం ఒకచోట రాసుకోండి, ఎందుకంటే కాపీరైట్ గొడవలో వీడియో ఎప్పుడైనా పోవచ్చు, పేరు తెలిస్తే మళ్ళీ దొరుకుతుంది.

ఆఫీసులో యాభై దాటిన జపాన్ సారు ఉంటే భోజనాల వేళ ఆ హిటాచీ చెట్టు యాడ్‌లోని పాట వినిపించి చూడండి, బొమ్మ చూపించకుండా. ఇంతకన్నా మంచి జపనీస్ క్లాసు ఉండదు, ఆయన చెప్తూనే ఉంటారు. మిమ్మల్ని ట్రైనింగ్‌కి అక్కడికే పంపిస్తే యోకోహామాలో బ్రాడ్‌కాస్టింగ్ లైబ్రరీ, టోక్యో షియోదోమేలో యాడ్ మ్యూజియం ఉన్నాయి. రెండూ ఉచితమే, సెలవు రోజులు ముందే చూసుకుని వెళ్ళండి.