పన్ను నొప్పిని సర్కారు లెక్కల్లోకి ఎక్కించడం ఎలా

మా దగ్గర ఒక సీహెచ్‌సీలో, అంటే పీహెచ్‌సీ కంటే పెద్దదైన సర్కారు ఆసుపత్రిలో, డెంటల్ చైర్ ఉంది. నేను మొదటిసారి చూసినప్పుడు దాని మీద ఆకుపచ్చ దుప్పటి కప్పేసి పైన సెలైన్ డబ్బాలు పేర్చి ఉన్నాయి, కుర్చీకి గాలి అందించే కంప్రెసర్ పాడై ఎన్నాళ్ళయిందో అక్కడి సిస్టర్‌కి కూడా గుర్తులేదు. అదే రోజు ఓపీలో ఒక పెద్దావిడ బుగ్గ వాచిపోయి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆవిడకి నొప్పి బిళ్ళలు ఇచ్చి పంపించేశారు, రిజిస్టర్‌లో ఏం రాశారా అని చూస్తే "నొప్పులు" అని ఉంది. మోకాళ్ళ నొప్పులతో వచ్చినాయనకీ అదే మాట. అంటే ఆ నెల రిపోర్టు జిల్లాకి వెళ్ళేసరికి ఆవిడ పన్ను ఎక్కడా లేదు, లెక్కలో లేని జబ్బుకి డాక్టర్‌ని ఎవరు వేస్తారు, కంప్రెసర్‌కి డబ్బులు ఎవరిస్తారు?

నాకు అప్పుడు అర్థమైంది ఏంటంటే, పాలసీ అని మనం పెద్దగా అనుకునేది ఊరి దగ్గరికి వచ్చేసరికి మూడే మూడు వస్తువులు. రిజిస్టర్‌లో ఒక గడి, ఆసుపత్రిలో ఒక పోస్టు, బడ్జెట్‌లో ఒక లైను. ఈ మూడూ ఎలా తెప్పించుకోవాలో నేను తిరిగి నేర్చుకున్నంత వరకు ఇక్కడ రాస్తున్నా, మీ ఊళ్ళో యువజన సంఘం వాళ్ళయినా, డ్వాక్రా గ్రూపు అక్కలైనా, పళ్ళ డాక్టర్ కోర్సు బీడీఎస్ చదివే పిల్లలైనా వాడుకోవచ్చు.

ముందు కాగితం మీద మనకి ఇప్పటికే ఏముందో తెలుసుకోండి. నేషనల్ ఓరల్ హెల్త్ ప్రోగ్రామ్ అని కేంద్రం 2014-15లో మొదలుపెట్టింది. దీని కింద రాష్ట్రం అడిగితే డెంటల్ యూనిట్‌కి డాక్టర్, హైజీనిస్టు, అసిస్టెంటు, కుర్చీ, మందులు, సామాను, వీటికి సాయం వస్తుంది. "అడిగితే" అన్న మాట దగ్గరే అంతా ఉంది. జాతీయ ఆరోగ్య మిషన్ (ఎన్‌హెచ్‌ఎం) కింద రాష్ట్రం పీఐపీ అని ఒక ప్లాన్ పంపుతుంది, అందులో రాయకపోతే పైసా రాదు. ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్లలో ఇవ్వాల్సిన 12 రకాల సేవల్లో నోటి ఆరోగ్యం కూడా ఒకటి, అది చాలామంది సిబ్బందికే తెలీదు. అందుకే అధికారి దగ్గరికి వెళ్ళినప్పుడు "మాకు పళ్ళ డాక్టర్ కావాలి సార్" అని మొదలుపెట్టకండి, "ఈ ప్రోగ్రామ్‌లో మన జిల్లాకి ఏం అడిగారు సార్, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది" అని అడగండి, మాట్లాడే తీరే మారిపోతుంది.

ఆ సమాధానం నోటితో రాకపోతే ఆర్టీఐ వేయండి. ఫీజు జిల్లా ఆఫీసుకి 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో అసలు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రశ్నలు చిన్నగా ఉండాలి. మంజూరైన డెంటల్ సర్జన్ పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, గత 12 నెలల్లో ఎన్ని పళ్ళు పీకారు, ఎన్ని ఫిల్లింగులు చేశారు, మత్తు ఇంజెక్షన్ స్టాకు చివరిసారి ఎప్పుడొచ్చింది, కుర్చీ రిపేరుకి ఎప్పుడు లెటర్ రాశారు. "ఎందుకు లేదు" లాంటి ప్రశ్న వేయకండి, ఎందుకు అన్నదానికి రికార్డు ఉండదు కాబట్టి తిప్పి పంపిస్తారు.

ఇక అసలైన పని లెక్క. ఆసుపత్రి రిజిస్టర్‌లో లేదు కాబట్టి మనమే తయారుచేసుకోవాలి, కానీ దీనికి పెద్ద సర్వే అక్కర్లేదు. మేము చేసింది ఇది: మెడికల్ ఆఫీసర్ ఒప్పుకున్నాక మూడు నెలల పాటు ఓపీ చీటీ రాసే దగ్గర ఒక మామూలు నోటుబుక్ పెట్టాం, నోటి సమస్య అని వచ్చినవాళ్ళందరికీ ఒక గీత. పిప్పి పన్ను, చిగుళ్ళ వాపు, నోట్లో పుండు, కదిలే పళ్ళు, ఇంతే, నాలుగు గడులు. పేర్లు రాయలేదు, రాయకూడదు కూడా. మొదటి వారం చీటీలు రాసే అబ్బాయి విసుక్కున్నాడు, రెండో నెలకి తనే పిలిచి "అన్నా చూడు, పేజీ నిండిపోయింది" అన్నాడు. ఆ పేజీలు జిరాక్స్ తీసి అర్జీకి జతచేస్తే దాని బరువే వేరు. మెడికల్ ఆఫీసర్ సంతకం, స్టాంపు కూడా ఉంటే ఇంకా మంచిది, మనం తెచ్చిన లెక్క కాస్తా వాళ్ళ లెక్క అవుతుంది.

కొత్త ప్రోగ్రామ్ పెట్టమని అడగడం కంటే నడుస్తున్న పనికి పళ్ళని తగిలించడం చాలా తేలిక, నా అనుభవంలో గెలిచే దారి ఇదే. ఆశా అక్కలు 30 ఏళ్ళు దాటినవాళ్ళకి షుగర్, బీపీ, క్యాన్సర్ లాంటి జబ్బుల ముప్పు కనిపెట్టడానికి నింపే సీబ్యాక్ ఫారంలో నోరు తెరవడం కష్టంగా ఉందా, రెండు వారాలైనా మానని పుండు ఉందా, పొగాకు వాడతారా అనే ప్రశ్నలు ఇప్పటికే ఉన్నాయి. ఆ వయసు దాటినవాళ్ళకి ఐదేళ్ళకోసారి నోరు చూడాలన్నది జాతీయ స్క్రీనింగ్‌లోనే ఉంది. కానీ ఫారంలో "అవును" అని టిక్ పడ్డాక ఆ మనిషి ఎక్కడికి వెళ్ళాలి, ఎవరు టార్చ్ వేసి చూడాలి, అనుమానం వస్తే ఏ ఆసుపత్రికి పంపాలి, అక్కడే తెగిపోతోంది. కాబట్టి మీరు అడగాల్సింది ఆ తెగిన చోటు గురించి. అలాగే స్కూళ్ళకి, అంగన్‌వాడీలకి పిల్లల ఆరోగ్య పరీక్షలకి వచ్చే ఆర్‌బీఎస్‌కే టీమ్ చూసేవాటిలో పిప్పిపళ్ళు కూడా ఉన్నాయి, ఆ పిల్లల లిస్టు ఏమవుతోందో అడగండి. షుగర్ పేషెంట్ల క్లినిక్‌లో చిగుళ్ళు కూడా చూడమనండి, షుగర్ ఎక్కువుంటే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగర్ కంట్రోల్ కష్టమవుతుంది.

నోటి క్యాన్సర్ విషయం కొంచెం ఎక్కువ చెప్పాలి. శ్రీకాకుళం, విశాఖ వైపు తీరంలో కొందరు ఆడవాళ్ళకి చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటుంది, అడ్డపొగ అంటారు. అంగిలి కాలి కాలి తెల్లబడుతుంది, కొందరికి అక్కడే క్యాన్సర్ మొదలవుతుంది. మామూలుగా బుగ్గలు, నాలుక చూసి వదిలేస్తే అది కనపడదు, తల వెనక్కి వాల్చి అంగిలి చూడాలి. ఇలాంటి స్థానిక సంగతి ఢిల్లీలో అచ్చయిన గైడ్‌లైన్‌లో దొరకదు, ఊళ్ళో వాళ్ళే చెప్పి జిల్లా ట్రైనింగ్‌లో పెట్టించాలి. మీ ప్రాంతంలో గుట్కానా, ఖైనీనా, జర్దా కిళ్ళీనా, ఏది ఎక్కువో అది రాసివ్వండి. గుట్కా నిషేధం ఆహార భద్రత చట్టం కింద ఒక్కసారికి ఏడాదికి మించకుండా ఇస్తారు, మళ్ళీ పొడిగించాలి, కాబట్టి మీ రాష్ట్రంలో తాజా ఉత్తర్వు ఏ తేదీ వరకు ఉందో చూసుకుని స్కూలు పక్క కొట్టు మీద కంప్లయింట్ ఇవ్వండి.

ఏ శాఖని అడగాలో కూడా ఆలోచించండి, పళ్ళ సమస్య అంతా పళ్ళ డాక్టర్‌తో తీరదు. మన గారపళ్ళ సంగతే చూడండి. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే జబ్బు) గురించి డాక్టర్లు రాశారు, తర్వాత నల్గొండలో తరాలకి తరాలు పళ్ళు గారపట్టి, ఎముకలు వంగిపోయాయి. ఫ్లోరోసిస్ మీద జాతీయ కార్యక్రమం 2008-09లో గానీ రాలేదు. అక్కడ మార్పు తెచ్చింది నీళ్ళు, బోరు నీళ్ళ బదులు నది నీళ్ళు ఇంటికి రావడం. మీ ఊళ్ళో పిల్లల పళ్ళ మీద పసుపు, గోధుమరంగు చారలుంటే ముందు బోరు నీళ్ళు టెస్ట్ చేయించండి, ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే మీ అర్జీ వెళ్ళాల్సింది గ్రామీణ నీటి సరఫరా వాళ్ళకి.

అర్జీ ఎవరికివ్వాలన్న దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు, మేమూ చేశాం, రెండు నెలలు పోయాయి. పీహెచ్‌సీలు జిల్లా వైద్యారోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) కింద ఉంటాయి, సీహెచ్‌సీలు, ఏరియా ఆసుపత్రులు చాలాచోట్ల వేరే విభాగం కింద ఉంటాయి, ముందు మీ ఆసుపత్రి ఎవరిదో కనుక్కోండి. కంప్రెసర్ రిపేరు లాంటి చిన్న ఖర్చుకి ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ నిధులున్నాయేమో అడగండి, చాలాచోట్ల దానికి ఎమ్మెల్యేనే చైర్మన్. పోస్టు కావాలంటే మాత్రం పై వరకు వెళ్ళాలి. కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు నంబర్ తీసుకోండి, ఒక కాపీ ఎమ్మెల్యేకి, ఒకటి మీ జెడ్పీటీసీకి, జెడ్పీ సమావేశంలో వైద్యారోగ్యం చర్చకి వచ్చినప్పుడు ఆయన ఒక్క ప్రశ్న అడిగితే అది మినిట్స్‌లోకి ఎక్కుతుంది. టైమింగ్ ముఖ్యం. కొత్త ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, పీఐపీ ఈమధ్య 2022-24, 2024-26 అలా రెండేళ్ళకి కలిపి వేస్తున్నారు, కాబట్టి దసరా దీపావళి రోజుల్లోనే మీ కాగితం జిల్లా ప్రోగ్రామ్ ఆఫీసర్ బల్ల మీద ఉండాలి, సంక్రాంతి దాటాక ఇస్తే అప్పటికే లిస్టు అయిపోయి ఉంటుంది.

అర్జీ ఒక పేజీ చాలు. పైన మీ నోటుబుక్ లెక్క, కింద మూడు కోరికలు, అంతకంటే ఎక్కువ వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో నోటి ఆరోగ్యం మీద తీర్మానం చేసింది, ప్రపంచంలో సుమారు 350 కోట్ల మందికి నోటి జబ్బులున్నాయని 2022లో రిపోర్టు ఇచ్చింది, అది ఒక్క వాక్యంలో రాస్తే సరిపోతుంది. అధికారిని కదిలించేది మన మండలం అంకెలే.

ఇంత చిన్న చిన్న పనులతో పాలసీ మారుతుందా అని అడిగేవాళ్ళకి నేను బ్రెజిల్ గురించి చెప్తా. అక్కడ 2000లో ఇంటింటికీ వెళ్ళే ఫ్యామిలీ హెల్త్ టీమ్‌లకి పళ్ళ డాక్టర్లని జతచేశారు, 2004లో దాన్ని జాతీయ కార్యక్రమంగా పెంచారు, 2023లో ఏకంగా ఆరోగ్య చట్టంలోనే రాసేశారు. ముందు ఉన్న టీమ్‌లో ఒక పోస్టు, చట్టం చివర్న.

మంజూరు వచ్చాక ఆగిపోకండి. కుర్చీ వస్తుంది, డాక్టర్ వస్తారు, పరికరాల మీది క్రిములు చంపే ఆటోక్లేవ్ ఉండదు, లేకపోతే మత్తు ఇంజెక్షన్ అయిపోతుంది, అవి లేకుండా పన్ను పీకమని ఆ డాక్టర్‌ని అడగడం తప్పు. నెలకోసారి వెళ్ళి స్టాకు అడగండి, గొడవకి కాదు, వాళ్ళు పైకి ఇండెంట్ (స్టాకు కావాలన్న కాగితం) పెట్టడానికి మన లెటర్ పనికొస్తుంది. మా దగ్గర కంప్రెసర్ బాగవడానికి పదకొండు నెలలు పట్టింది, డాక్టర్ ఇప్పటికి వారానికి రెండు రోజులే డిప్యుటేషన్ మీద వస్తున్నారు, రెగ్యులర్ పోస్టు ఇంకా రాలేదు, దానికి రెండో అర్జీ పెట్టాం. పోయిన మంగళవారం వెళ్తే చీటీల దగ్గర మా పాత నోటుబుక్ లేదు, ఆసుపత్రి రిజిస్టర్‌లోనే స్కేలుతో గీత కొట్టి పైన "పళ్ళు" అని ఒక గడి గీసుకున్నారు, పన్నెండు గంటలకే అందులో తొమ్మిది గీతలు ఉన్నాయి.