ఆటో టాప్-ఆఫ్ పాఠాలు – 4: పంపు ఆగినా నీళ్లు ఆగకపోతే

ఆటో టాప్-ఆఫ్ అంటే అక్వేరియంలో ఆవిరైపోయిన నీటి స్థానంలో మంచినీళ్లను దానంతటదే నింపే ఏర్పాటు. గత పాఠంలో సంప్‌లో (అక్వేరియం కింద ఉండే తొట్టిలో) ఫ్లోట్ స్విచ్ (నీటిమట్టంతో పాటు లేచి దిగే స్విచ్) బిగించి, మంచినీళ్ల డబ్బాలోని పంపును దానికి కలిపాం. ఫ్లోట్ లేవగానే పంపు ఆగుతోంది. అయితే పంపు ఆగడం వేరు, నీళ్లు ఆగడం వేరు. గొట్టం నిండా ఒకసారి నీళ్లు ఎక్కాక, డబ్బాలోని నీటిమట్టం గొట్టం చివర కంటే ఎత్తులో ఉంటే చాలు, సైఫన్ పట్టుకుంటుంది, అంటే పంపు లేకుండానే నీళ్లు గొట్టంలోంచి కిందికి పారుతూ ఉంటాయి. ఆగిపోయిన చిన్న పంపు దానికి అడ్డుపడదు, నీళ్లు ఇంపెల్లర్ (పంపులో తిరిగే రెక్కల చక్రం) సందుల్లోంచి జారిపోతూనే ఉంటాయి.

ఈ తప్పు రోజూ బయటపడదు, చిక్కంతా అక్కడే. డబ్బా సగానికి దిగినప్పుడు నీటిమట్టం గొట్టం చివర కంటే కిందే ఉంటుంది, అంతా సవ్యంగా నడుస్తుంది. మళ్లీ నిండా నింపిన రోజున మట్టం చివరను దాటుతుంది, ఆ రాత్రే సంప్ పొర్లుతుంది. పొర్లకపోయినా నష్టమే: 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియంలో 20 లీటర్ల మంచినీళ్లు అదనంగా చేరితే ఉప్పదనం 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో ఉప్పు ఎన్ని భాగాలో చెప్పే కొలత) నుంచి దాదాపు 31.8కి పడిపోతుంది. పగడాలు ఇంత హఠాత్తు మార్పును తట్టుకోవడం కష్టం.

సంప్ నిండుతుంటే చాలామంది ముందు స్విచ్ మార్చేస్తారు. అంతకంటే ముందు పంపు ప్లగ్ పీకి చూడండి. ధార ఆగితే తప్పు స్విచ్‌దో రిలేదో (స్విచ్‌ను బట్టి పంపుకు కరెంటు కలిపి తెంపే భాగం). ప్లగ్ పీకాక కూడా పారుతుంటే అది సైఫన్, కొత్త స్విచ్ పెట్టినా ఒరిగేదేమీ లేదు.

అన్నిటికంటే మంచి మందు ఎత్తు సరిచేయడం. డబ్బాను నేల మీద పెట్టి, గొట్టం చివరను డబ్బా నిండినప్పటి నీటిమట్టం కంటే కనీసం 5 సెంటీమీటర్లు పైన క్లిప్పుతో బిగించండి. చివర సంప్ నీళ్లకు తగలకుండా గాలిలో ఉంటే చాలదా అని అడుగుతారు. చాలదు. చివర గాలిలో ఉన్నా, డబ్బా మట్టం కంటే కిందుంటే సైఫన్ నిక్షేపంగా నడుస్తుంది. ఆ గాలి ఖాళీ ఆపేది ఎదురు సైఫన్‌ను, అంటే ఉప్పునీళ్లు వెనక్కి మంచినీళ్ల డబ్బాలోకి రావడాన్ని. ఖాళీని కొలిచేటప్పుడు రిటర్న్ పంపు (సంప్ నీళ్లను పై ట్యాంకులోకి ఎక్కించే పంపు) ఆపి కొలవండి. కరెంటు పోతే పై ట్యాంకు నీళ్లు సంప్‌లోకి దిగి మట్టం పెరుగుతుంది, అప్పుడు కూడా చివర మునగకూడదు.

డబ్బాను పైన పెట్టక తప్పకపోతే గొట్టానికి గాలి రంధ్రం వేయాలి. పంపు ఆగగానే దాంట్లోంచి గాలి లోపలికి పోయి సైఫన్‌ను తెంపుతుంది. మెత్తటి సిలికాన్ గొట్టానికి సూదితో పొడిస్తే కన్నం మళ్లీ మూసుకుపోతుంది. డబ్బా అంచు దాటే వంపు దగ్గర గొట్టం కోసి, గట్టి ప్లాస్టిక్ ఎల్బో (వంపు తిరిగిన గొట్టం ముక్క) ఒకటి అతికించండి. అందులో, డబ్బా లోపలివైపు, ఒక గోడకు మాత్రమే, 2 నుంచి 3 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్‌తో రంధ్రం వేయండి. 1 మిల్లీమీటరు రంధ్రం చెత్తకో ఉప్పు పొరకో పూడుకుపోతుంది. పంపు నడిచినంతసేపూ ఈ రంధ్రంలోంచి సన్నని ధార చిమ్ముతుంది కాబట్టి దాన్ని కిందికి, నీళ్లవైపు తిప్పి పెట్టండి. బయటివైపు వేస్తే గది తడుస్తుంది.

రంధ్రం నీళ్లలో మునిగితే అది పీల్చేది గాలిని కాదు, నీళ్లనే. అందుకే రంధ్రానికి 3 సెంటీమీటర్ల కింద డబ్బా మీద మార్కర్‌తో గీత గీయండి. ఎంత తొందరలో ఉన్నా ఆ గీత దాటి నింపొద్దు.

చెక్ వాల్వు పెడితే సరిపోతుందనేది ఎక్కువమంది పడే పొరపాటు. అది వెనక్కి వచ్చే నీళ్లనే ఆపుతుంది. మన సైఫన్ ముందుకే పారుతుంది, వాల్వు దానికి దారి తెరిచి పెడుతుంది. రోలర్లతో గొట్టాన్ని నొక్కే పెరిస్టాల్టిక్ పంపు వాడేవాళ్లకు మాత్రం ఈ బెడద లేదు, అదీ లోపలి గొట్టం అరిగేదాకానే.

ఈ వారం పని: డబ్బాను గీత దాకా నింపండి. సంప్ మట్టం దగ్గర టేపు ముక్క అంటించండి. పంపును 10 సెకన్లు నడిపి ప్లగ్ పీకేసి రంధ్రాన్నే చూడండి. ధార చప్పున పడిపోయి, గురగురమంటూ గాలి లోపలికి పోవాలి. గొట్టంలోని నీళ్లు రెండుగా విడిపోయి కొంత డబ్బాలోకి, కొంత సంప్‌లోకి జారతాయి. 10 నిమిషాల తర్వాత కూడా చివర నుంచి బొట్లు పడుతుంటే రంధ్రం చిన్నదైంది, లేదా మునిగింది. నెలకోసారి టూత్‌పిక్‌తో రంధ్రం శుభ్రం చేసి ఇదే పరీక్ష మళ్లీ చేయండి, ప్రతిసారీ నిండు డబ్బాతోనే.

వచ్చే పాఠం: ఫ్లోట్ కిందే ఇరుక్కుపోతే పంపును ఆపే రెండో స్విచ్.